పళ్ళు లేని మాట

అది కాదు తల్లీ, కొట్టెయ్. నేనన్నది అది కాదు. నీ తప్పేం లేదు, నా నోట్లోంచి అదే వచ్చుంటుంది. మిగిలిన నాలుగు పళ్ళూ పోయినేడు పోయాయి, ఇక నోటిని నమ్మడానికి లేదు. నువ్వొక పని చెయ్యి. "తాడు పాడితే" అని రాసి పక్కన కాస్త చోటు వదులు. ఆ చివరి మాట చివర్లో నింపుదాం. నేను నిదానంగా చెప్తాను, నువ్వూ నిదానంగా రాయి. ముందు మీ నాయనమ్మ గురించి రాయి. పొగగొట్టం మొదట్లో ఆవిడ కూర్చున్న ఆ ఒక్క గంట గురించి. ఆ గంటలో తనకేం తోచిందో పోయేదాకా నాకు చెబుతూనే ఉంది, ఒకసారి కూర తరుగుతూ, ఒకసారి నిద్రలోంచి లేచి కూర్చుని. నేను కళ్ళతో చూసింది కాదు. అయినా నేనే కూర్చున్నట్టుంటుంది.

మన ఇంటి పని నీకు తెలీదు, నువ్వు పుట్టేసరికే మానేశాం. ఫ్యాక్టరీ పొగగొట్టాలకి రంగు వేసేవాళ్ళం. నూరడుగులు, నూటిరవై అడుగులు. గోడకి ఒక పక్కన ఇనప కమ్మీలు మెట్లలాగా దిగేసి ఉంటాయి. అవి పట్టుకుని పైకెక్కి, కొన దగ్గర కప్పీకి వేలాడే పీట మీద కూర్చుని, రంగు వేసుకుంటూ కిందకి దిగుతూ రావాలి. తాడు రెండో కొస నేల మీదకి వస్తుంది. అక్కడ గుంజకి మూడు చుట్లు చుట్టి, తాడు మీద చెయ్యి వేసి ఒక మనిషి కూర్చోవాలి. పైనుంచి ఒకసారి లాగితే జానెడు వదలాలి, రెండుసార్లు లాగితే ఆపాలి. ఆ మనిషిని అడుగు మనిషి అంటాం. నాకు ఇరవై ఏళ్ళు అడుగు మనిషి మీ నాయనమ్మే. ఆ రోజు మాత్రం పీట మీద నేను లేను. భుజం ఎముక విరిగి ఇంట్లో పడున్నాను. పైన ఉన్నది మీ పెదనాన్న, ఇరవై రెండేళ్ళవాడు. నేను లేకుండా వాడు ఎక్కడం అదే మొదలు.

కూర్చుంది. కాళ్ళు చాపి, గుంజని రెండు పాదాల మధ్య పెట్టుకుని, కుడి అరచెయ్యి తాడు మీద వేసి కూర్చుంది. పదకొండింటి కూత ఇప్పుడే కూసింది, పన్నెండు కూతకి వాడు తిండికి దిగుతాడు, గంటే కదా, గంటెంతసేపు. చేతికి ఇక చెప్పక్కర్లేదు, ఒకసారి లాగితే జానెడు, మళ్ళీ లాగితే జానెడు, చెయ్యి పని చెయ్యి చేసుకుంటుంది, మనసు మాత్రం ఇల్లిల్లూ తిరిగి వస్తుంది. పక్క షెడ్డులో రేకులు కొట్టే మిషను దబ్బుదబ్బుమంటోంది, ఆ మోతలో గొంతు చించుకున్నా పైకి వినపడదు. పైకి చూడలేదు తను. పైకి చూస్తే మెడ నొప్పి, కిందకి చూస్తే గుండె నొప్పి, అది మన ఇంటి మాట. అడుగు మనిషి నీడనే చూడాలి. పొగగొట్టం నీడ ఆవరణలో నల్లటి దుంగలాగా పడుంది, దాని అంచున ఒక బుడిపె, ఆ బుడిపె పెద్దోడు, బుడిపెకి చెయ్యి ఉంది, చెయ్యి ఆడుతోంది, కుంచె ఆడుతోందంటే అంతా బాగానే ఉన్నట్టు. అరచేతి కింద తాడు జుమ్మంటోంది. పిడికిట్లో తేనెటీగని మూసిపెట్టినట్టుంది. పొద్దున ఇంత లేదే అనుకుంది, లేకపోవడమేంటి, ముందు విన్నది వాడే కదా. పీటకి రంగు డబ్బాలు కట్టి బరువు చూస్తూ తాడుకి చెవి ఆనించాడు.

"అమ్మా, ఇది పాడుతోందే!"

"పాడనీరా, మంచిదే."

"మంచిదని నీకెవరు చెప్పారు, తాడు చెప్పిందా?"

"మీ ముసలమ్మ చెప్పింది. తాడు పాడితే ఎక్కొచ్చు. ఎక్కు, ఎండ ముదురుతుంది."

అక్కడ చ రాయి తల్లీ, చెప్పులో చ. ఆ రోజు ఆవిడ అన్నది అదే. అంటున్నప్పుడు ఎంత గర్వమో తనకి. పరాయింటి నుంచి వచ్చిన పిల్ల ఈ ఇంటి మాటని ఈ ఇంటి కొడుక్కి అప్పజెప్పింది. వాడు నవ్వి, నడుముకి కుంచెలు కట్టుకుని, కమ్మీలు పట్టుకుని పైకి పోయాడు, ఒక్కసారి కూడా వెనక్కి చూడకుండా.

మాటలదేముంది, ఈ ఇంట్లో ఉప్పు అందించమన్నా సామెతే. వచ్చిన కొత్తలో నవ్వు ఆగేది కాదు తనకి. తలుపు గట్టిగా వేస్తే ఒకటి, మెల్లిగా వేస్తే ఇంకొకటి. మీ ఇంట్లో మనుషులు మాట్లాడుకోరా, అన్నీ సామెతలేనా అని అడిగింది నన్ను. చెప్పేవాడికి వినేవాడు లోకువ అన్నాను. అదీ సామెతే అని వీపు మీద ఒక్కటిచ్చింది. కానీ తాడు మాటల దగ్గర మాత్రం నవ్వేది కాదు. ఆ మాటలన్నీ ముసలమ్మవి, మా నాన్నని కన్న తల్లి. మా నాన్న నా చిన్నప్పుడే జ్వరంతో పోయాడు, ఆయనతో పాటు ఆయనకి తెలిసినవీ పోయాయి. నేను పెళ్ళయ్యాక తాడు పట్టుకునేసరికి ముసలమ్మకి నోట్లో ఒక్క పన్ను లేదు, మంచం దిగలేదు, ఏ కాలమైనా చలే ఆవిడకి, మెడదాకా దుప్పటి. నేను బయల్దేరుతుంటే ఆ దుప్పట్లోంచి ఒక్కొక్క మాటే వచ్చేది. గాలి చెప్పి రాదు. పీట మీద ఉన్నవాడు పెళ్ళాన్ని తలుచుకోకూడదు. ప్రాణం వదిలినా తాడు వదలకు, అది నీకే అని మీ నాయనమ్మ వైపు చూసేది. తాడు పాడితే అని ఒకటి. అది విని నేను, ఇన్నేళ్ళయింది నా తాడు ఒక్కనాడూ పాడలేదు, సంగీతం రాదేమో దానికి అని వేళాకోళం ఆడేవాణ్ణి. పాడే తాడు మంచి తాడని, గంట మోగితే కంచు మంచిదన్నట్టు, అంతే అనుకున్నాం ఇద్దరమూ.

జానెడు వదిలింది. తాడు అరచేతిలోంచి పాకుతూ పోయింది, జుమ్మనడం పోతూ పోతూ సన్నబడింది, సన్నబడితే తగ్గినట్టు కాదు, దోమ చెవి దగ్గరికొచ్చినట్టు. ముసలమ్మ గొంతు కూడా చివర్లో ఇట్లాగే సన్నబడింది. ఆ రోజు, తను పుట్టింటికి వెళ్ళాలనుకున్న రోజు, మంచం పక్కన వంగి, నాలుగు రోజులు వెళ్ళొస్తానవ్వా అంటే, సన్నగా, వెళ్ళొచ్చు, వెళ్ళొచ్చు అంది. ఎంత మంచి ముసల్ది అనుకుంది తను. అత్తారింట్లో ఎవరు అంత తేలిగ్గా పంపుతారు. సంబరంగా వెళ్ళింది, మూడో రోజు కబురు, ముసలమ్మ పోయింది. పోయేటప్పుడు గుమ్మం వైపే చూస్తూ పోయిందట. వెళ్ళమని తనే అంది కదా, మళ్ళీ గుమ్మం వైపు చూడ్డం ఎందుకో. దానికి ముందేడు మా అమ్మ పోయినప్పుడూ అంతే, ఇంటిల్లిపాదీ ముసలమ్మ మంచం చుట్టూ చేరితే, దుప్పట్లోంచే, ఏడవొచ్చు, ఏడవొచ్చు అంది. పెద్దావిడ సెలవిచ్చింది కదా అని అందరం గుండెలు పగిలేలా ఏడ్చాం. మేం ఏడుస్తున్నకొద్దీ ఆవిడ అదే మాట. ఏడుస్తున్నకొద్దీ మొహం ఎర్రబడింది. ఎందుకు ఎర్రబడిందో. ఎండ నెత్తి మీదకొచ్చింది. నీడ పొట్టిదవుతోంది. బుడిపె కాస్త కిందకి జరిగింది, కమ్మీలున్న పక్క కాదు, ఈ పక్క, కమ్మీలకి రెండు బారల దూరం. ఆకలేస్తుందేమో వాడికి, పొద్దున సగమే తిన్నాడు, పళ్ళెం పక్కకి తోసేశాడు, వాడి తోపుడంతా ముసలమ్మదే, ఆవిడ మంచం మీదే తిని పెరిగాడు మరి. నాలుగేళ్ళప్పుడు ఇంటికెవరొచ్చినా వాడిచేత అదే వేషం. ఏదిరా, ముసలమ్మ అన్నం ఎట్లా తింటుంది? వాడు బాసిపట్లేసుకుని, బుగ్గలు లోపలికి లాక్కుని, మొహం పక్కకి తిప్పి, అరచెయ్యి పళ్ళెం మీద అడ్డంగా పెట్టి, వచ్చు వచ్చు అనేవాడు. ఇల్లంతా నవ్వులు. ముసలమ్మకి అన్నం వచ్చంటరోయ్, పాట రాదుగానీ అన్నం వచ్చంట! ముసలమ్మ కూడా నవ్వేది. మెత్తగా పిసికి ముద్ద నోటి దగ్గర పెడితే, అన్నం దగ్గర మాత్రమే ఆ చెయ్యి దుప్పట్లోంచి బయటికొచ్చేది, అడ్డంగా, ఇదిగో ఇట్లా, చూడు తల్లీ నా చెయ్యి, ఇట్లా, వచ్చు, వచ్చు.

వద్దు.

అదీ. ఇప్పుడు నువ్వు సరిగ్గా రాశావు. చెయ్యి చూశావు కాబట్టి రాశావు.

అన్నం దగ్గర చెయ్యి చెప్పింది కాబట్టి తెలిసింది. మిగిలిన చోట్ల చెయ్యి దుప్పట్లో ఉంది. ఏడవొచ్చు కాదు. ఏడవొద్దు, ఏడవొద్దు అంది ముసల్ది, మేమందరం ఆవిడ మొహం మీదే ఏడ్చాం. వెళ్ళొచ్చు కాదు. వెళ్ళొద్దే, నన్నొదిలి వెళ్ళొద్దే అంది, సంబరంగా చీర మార్చుకుని వెళ్ళింది తను. మీ నాయనమ్మ తాడుని ఇంకాస్త గట్టిగా పట్టుకుంది. అరచేతిలో తేనెటీగ ఆగలేదు. తాడు పాడితే. తాడు పాడితే. ముసలమ్మ నోరు కళ్ళ ముందుకొచ్చింది, చిగుళ్ళ మధ్య నాలుక ఆనుకోవడానికి ఏమీ లేక జారిపోవడం కనిపించింది, ద అనబోతే చ అయిపోవడం. అప్పుడు మిగిలిందీ తోచింది తనకి, ఇరవై ఏళ్ళు తాడు మీద చెయ్యి వేసిన మనిషికి తోచదా. మూడు పురుల తాడు. లోపల ఒక పురి తెగితే దాని బరువు మిగిలిన రెండిటి మీద పడుతుంది, రెండూ తీగలాగా బిగుసుకుంటాయి, బిగుసుకుంది మోగుతుంది. మంచి తాడు మూగది. పోయిన నెల వానకి తడిసిందని ఆ తాడుని పొయ్యి పక్కన ఆరబెట్టిందెవరు. నేనే తల్లీ. అది కూడా రాయి. తాడుకి సెగ చూపించకూడదని కూడా ఏదో మాట ఉండే ఉంటుంది, మా నాన్నతో పోయుంటుంది.

ఎక్కు, ఎండ ముదురుతుంది. తనే అంది. తన నోట్లో పళ్ళన్నీ ఉన్నాయి, ముత్యాల్లాంటి పళ్ళు, వాటితోనే అంది.

లాగుదామా? లాగితే బరువు పెరుగుతుంది. వదిలేద్దామా, గబగబా దించేద్దామా? వదిలితే జారాలి, జారితే కప్పీ మీద నలగాలి, తెగిన చోటు కప్పీ మీదే ఉంటే? అరిస్తే మిషను మింగేస్తోంది. పరిగెత్తి మిషను ఆపించే లోపల? తాడు ఎక్కడ తెగుతుందో తెలీదు, ఎప్పుడు తెగుతుందో తెలీదు, చేతిలో ఉన్నదల్లా ఆ జుమ్మనడం. పైనుంచి ఒకసారి లాగాడు. జానెడు కావాలంటున్నాడు. ఇవ్వలేదు. ఇరవై ఏళ్ళలో మొదటిసారి మీ నాయనమ్మ చెయ్యి అడిగింది ఇవ్వలేదు. మళ్ళీ లాగాడు. లాగినప్పుడల్లా తన పేగు లాగినట్టుంది. లాగకురా, లాగకురా, నా తండ్రీ. అప్పుడు తట్టింది, ఇవ్వకపోతే వాడు కిందకి చూస్తాడు. అడుగు మనిషి పలక్కపోతే ఎవడైనా కిందకే చూస్తాడు. చూస్తే ఇక్కడ, గుంజ దగ్గర, గోడ మొదట్లో ఆనుకుని కూర్చున్న తను వాడికి కనపడదు. ఆవరణ మధ్యకి వెళ్ళాలి. వెళ్ళాలంటే చెయ్యి తియ్యాలి. ప్రాణం వదిలినా తాడు వదలకు. ఆ మాట మాత్రం సరిగ్గానే విన్నారా అందరూ? దానికేమైనా పళ్ళున్నాయా? మూడు చుట్ల మీద ముడి బిగించింది, బిగించి, వేళ్ళు ఒక్కొక్కటీ తీసింది, తీస్తుంటే ఒక్కో వేలూ నాది కాదన్నట్టు ఉందని చెప్పేది. తాడు వదిలేసి లేచింది.

ఆవరణ మధ్యలో, ఎండలో, నీడకి ఎదురుగా నిలబడి తల ఎత్తింది. మెడ విరిగినా సరేనని ఎత్తింది. గోరంత ఉన్నాడు వాడు. వంగి కిందకే చూస్తున్నాడు. ఏం సైగ చెయ్యాలి? దిగు అంటే తాడు మీదే దిగుతాడు. తాడుని నమ్మకు అనడానికి మన పనిలో సైగ లేదు, ఎందుకుంటుంది, తాడుని నమ్మకపోతే పనే లేదు. పొగగొట్టం వైపు, తాడు వైపు వేలు చూపించింది. తర్వాత బుగ్గలు లోపలికి లాక్కుంది, గోరంత మనిషికి బుగ్గలేం కనపడతాయి, అయినా లాక్కుంది, మొహం పక్కకి తిప్పి అరచెయ్యి అడ్డంగా పెట్టింది. పళ్ళెం లేదు, ముద్ద లేదు. నడి ఎండలో ఒక ఆడమనిషి అన్నం వద్దంటోంది. మళ్ళీ తాడు వైపు వేలు. మళ్ళీ మొహం తిప్పి చెయ్యి. రేకుల షెడ్డు కాపలావాడు చూసి, ఎవరికో పిచ్చెక్కిందనుకున్నాడట.

మొహం పక్కకి తిప్పింది కదా, అందుకని వాణ్ణి చూడలేకపోయింది. నీడని చూసింది. నల్ల దుంగ అంచున బుడిపె కదలకుండా ఉంది. తర్వాత బుడిపెలోంచి చెయ్యి ఒకటి బయటికొచ్చింది, అడ్డంగా నిలిచింది. వాడూ ముసలమ్మ వేషం వేస్తున్నాడు. ఆటనుకున్నాడు. అయ్యో, ఆటనుకున్నాడు, నాలుగేళ్ళప్పుడు నవ్వించినట్టు నవ్విస్తున్నాడు. తను చెయ్యి దించలేదు. నీడలో ఆ చెయ్యి కూడా దిగలేదు. ఎంతసేపో. దబ్బుదబ్బు. అప్పుడు నీడలో చెయ్యి దిగిపోయింది, వాడికీ ఎక్కడో ముసలమ్మ నోరు గుర్తొచ్చి ఉంటుంది, లేకపోతే అంతదాకా వినపడని తాడు అప్పుడే వినపడి ఉంటుంది, ఏదో వాడెప్పుడూ చెప్పలేదు. బుడిపె మెల్లిగా ఊగడం మొదలెట్టింది. కాలితో గోడని తంతున్నాడు, కమ్మీల వైపు, ఒక ఊపు, ఇంకో ఊపు, రెండు బారలు కాస్తా బారయింది. మూడో ఊపుకి చెయ్యి చాపాడు. కుడిచెయ్యి కమ్మీ మీద పడింది, పడిందని నీడ చెప్పింది. అప్పుడే జుమ్మనడం ఆగింది. అంత దూరంలో, అంత మోతలో, తాడు మీద చెయ్యి లేకుండానే ఆగిన సంగతి తెలిసిందని చెప్పేది. తర్వాత పీటా డబ్బాలూ తాడూ ఒక్కసారే ఆవరణలో పడ్డాయి. తెల్ల రంగు తన కాళ్ళ దాకా వచ్చింది. పన్నెండు కూత కూసింది.

మీ పెదనాన్న తల ఎడం చేత్తో ఎందుకు దువ్వుకుంటాడని అడిగేదానివి కదా చిన్నప్పుడు. ఆ కుడిచెయ్యి ఆ రోజు ఒక మనిషి బరువంతా మోసింది, మళ్ళీ భుజం దాటి పైకి లేవలేదు. ఆ రోజు నుంచి తాడన్న మాట ఇంట్లో అననివ్వలేదు వాడు. బట్టలారేసుకునేది కూడా తీగే మన ఇంట్లో. ఆ మాటా ఎవరికీ చెప్పనివ్వలేదు. వద్దనుకున్నది మూసిపెడితే పోతుందనుకున్నాం. పోలేదు. మీ అన్న, వాడి కొడుకు, ఆ పెద్ద ఊళ్ళో అద్దాల మేడలకి తాళ్ళ మీద వేలాడుతూ అద్దాలు తుడుస్తున్నాడు. వాళ్ళ నాన్నకి ఆఫీసు పనని చెప్పాడు. నాకొక్కడికే నిజం చెప్పాడు. ఆఫీసే కదా తాతా, బయటి నుంచి, అన్నాడు వెధవ.

మొన్న శుక్రవారం ఫోను చేశాడు. తాతా, నా తాడు జుమ్మంటోంది, మా మేస్త్రీ గాలికంటున్నాడు, మన ఇంట్లో దీనికేదో మాట ఉండేదంట కదా, నాయనమ్మ ఎప్పుడో అంటుంటే సగం విన్నాను, అన్నాడు. ఉందిరా అన్నాను. చెప్పాను. గట్టిగానే చెప్పాను, రెండుసార్లు చెప్పాను. భలే ఉంది తాతా, హెల్మెట్టు మీద రాయించుకుంటా అని పెట్టేశాడు. పెట్టేశాక కాసేపు సంతోషంగానే కూర్చున్నాను. తర్వాత తట్టింది. వద్దన్న మాటని ఎవడైనా నెత్తి మీద రాయించుకుంటాడా తల్లీ? అద్దం ముందు నిలబడి ఆ మాట నాకు నేనే అనుకుని నోరు చూసుకున్నాను. ముసలమ్మ నోరే.

అప్పటి నుంచీ ఫోను కలవదు. పగలు ఆ పని చోట గేటు దగ్గరే ఫోన్లు తీసి పెట్టెలో పెడతారంట, రాత్రి చేసినా స్విచాఫే. నువ్వు పెట్టిన మెసేజీకి రెండో గీత పడలేదన్నావు. అందుకే రేపు మొదటి బస్సుకి నిన్ను పంపిస్తున్నాను. ఒక్క మాట చెప్పి రావచ్చు కదా అనకు. ఒక్క మాటైతే, తాత మొన్న ఇంకోలా చెప్పాడే అని నవ్వుతాడు. మొత్తం చదువు, చెయ్యి సంగతితో సహా. మీ పెదనాన్న ఎదుట మాత్రం ఈ కాగితం తియ్యకు.

ఇక ఆ పైన వదిలిన చోటు నింపు. నా నోరు చూడకు, నా చెయ్యి చూడు. రాశావా? ఏదీ, పైకి చదువు.

తాడు పాడితే ఎక్కొద్దు.

ఇంకోసారి. ఆ, అదీ. వాడు ఎక్కకముందే గేటు దగ్గర నిలబెట్టి, అట్లాగే చదివి వినిపించు. నీకు పళ్ళున్నాయి తల్లీ.